అక్క కూర్చునే ముందు సీటు

ఆదివారం పొద్దున మీలో ఎవరో ఒకరు మా ఇంటి ముందు బండి ఆపుతారు. ఆపకముందే నాకు తెలిసిపోతుంది, సైలెన్సర్ మోతకి వంటింట్లో గిన్నెలు అదురుతాయి. లోపలికొచ్చి కూర్చుని ఫోన్లో ఫొటోలు చూపిస్తారు, చాయ్ తాగుతారు, పోయే ముందు అందరూ అడిగే ప్రశ్నే అడుగుతారు. "అంకుల్, ఇన్నేళ్లలో మీరు చేసిన బండ్లలో అన్నిటికన్నా గొప్ప మార్పు ఏది?" నేను ఏదో ఒకటి చెప్పి పంపించేస్తుంటాను. పెట్రోలు అంబాసిడర్‌కి డీజిల్ ఇంజన్ ఎక్కించిన సంగతో, జీపు టాపు కోసి పెళ్లి ఊరేగింపుకి తయారుచేసిన సంగతో చెబితే మీకు సరదాగా ఉంటుంది. అసలు జవాబు చెప్పాలంటే తీరిగ్గా కూర్చోవాలి. పైగా ఆ బండిని తెచ్చి మీ ముందు నిలబెట్టినా ఏం మారిందో బయటినుంచి మీకు కనబడదు. కనబడకూడదనే అలా చేశాం.

పటాన్‌చెరులో హైవేకి కాస్త లోపలగా నా షెడ్డు ఉండేది. పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడ్డ నేల. తొంభైల్లో ఆ చుట్టుపక్కల దొరకని వస్తువు లేదు. కంపెనీలు తీసిపారేసిన మోటార్లు, వాల్వులు, పైపులు స్క్రాపు దుకాణాల్లో కుప్పలుగా పడి ఉండేవి. లేత్ మిషన్ పెట్టుకున్నవాళ్లు వీధికొకరు ఉండేవారు. పాత బండ్ల పిచ్చి ఉన్నవాడికి అంతకన్నా మంచి చోటు లేదని నేను ఇప్పటికీ వాదిస్తాను. అక్కడి గాలి సంగతి మాత్రం ఎత్తకండి, ఆ విషయంలో మా ఆవిడ నాతో ఏకీభవించదు.

షెడ్డులో నాకు రెండు నియమాలు ఉండేవి. బండిలోంచి ఏ సామాను తీసినా గోనెసంచిలో కట్టి యజమానికి ఇచ్చేయాలి, రేపు ఆయనకి మళ్లీ పాతదే కావాలనిపించవచ్చు. రెండోది, బాడీకి కొత్తగా ఒక్క చిల్లు కూడా పెట్టకూడదు. ఏం బిగించినా బండి పుట్టినప్పుడు ఉన్న చిల్లుల్లోనే బిగించాలి. ఈ రెండో నియమం నా భాగస్వామికి నచ్చేది కాదు. ఆయన సంగారెడ్డి నుంచి వచ్చే పెద్దాయన, డెంటింగు, వెల్డింగు ఆయన పని. మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, అయినా నన్ను సేటూ అని పిలిచేవాడు. ఆ పిలుపులో గౌరవం కన్నా వెక్కిరింపే ఎక్కువ.

"సేటూ, నువ్వు డాక్టర్ అయితే పరేషాన్ అయితుండె. కడుపు కొయ్యకుంట ఆపరేషన్ జెయ్యమంటుంటివి" అనేవాడు.

ఇగ అసలు మనిషి దగ్గరికి వస్తాను. మా వైపు మనిషిని ఊరి పేరుతో పిలవడం అలవాటు. భానూరు నుంచి వచ్చేవాడు కాబట్టి అతను మా అందరికీ భానూరు తమ్మి. రైతు కుటుంబం. కొంత పొలం పోయింది, కొంత మిగిలింది, అతను ఒక కంపెనీలో మిషన్ మీద పనికి కుదిరాడు. సెలవు దొరికితే చాలు నా షెడ్డులో ఉండేవాడు. ఏదో ఆఫీసు వేలంలో కొన్న పాత అంబాసిడర్ ఒకటి అతనికి ఉండేది. మీగడ రంగు బండి. బంపర్లని చింతపండుతో తోమి, పొడిబట్టతో తుడిచి, మళ్లీ దూరం నుంచి చూసుకునేవాడు. గేరు కడ్డీ స్టీరింగు పక్కన, ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్లలాగా ఉండే బండి అది. ఆ సీటుకి ముదురు ఎరుపు రెక్సిన్. కుట్టు ఎక్కడా ఊడలేదు. అటువంటి సీటు ఉన్న బండి ఈ జిల్లాలో ఇంకోటి లేదని నా నమ్మకం, ఆ బండి మీద నాకు కన్ను ఉండేదన్నది షెడ్డులో అందరికీ తెలిసిన రహస్యం. "అమ్మేటప్పుడు ముందుగాల నాకు చెప్పు" అని నెలకోసారైనా అనేవాణ్ణి. "సచ్చినంక తీసుకో అన్నా" అని నవ్వేవాడు.

బండిని అతను ఊరేగడానికి వాడేవాడు కాదు. కంపెనీకి సైకిలు మీదే పోయేవాడు. ఆ బండికి ఒక ముఖ్యమైన పని ఉండేది, అక్కని తేవడం. తల్లిదండ్రులు లేరు, ఉన్నది ఒక్క అక్క. సదాశివపేట దాటాక లోపల ఎక్కడో ఊళ్లో ఆమె అత్తగారిల్లు. ఒడిబియ్యం సంగతి మా వైపు పిల్లలకి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. పెళ్లయిన ఆడపడుచుని కొన్నేళ్లకోసారి పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఆమె కొంగులో పోసి ఒడి కడతారు. పెళ్లయిన దగ్గర్నుంచి లెక్కపెట్టి బేసి సంవత్సరంలోనే పోస్తారు, సరి సంవత్సరం పనికిరాదు. ముహూర్తాలుండని మూఢాల్లో పోయరు. ఒడి కట్టుకున్న ఆడపడుచు పుట్టింట్లో కొన్ని పిడికిళ్ల బియ్యం తిరిగి వదిలి, మిగతావి అత్తగారింటికి తీసుకుపోయి వండి పదిమందికి పెడుతుంది. తల్లి లేని ఇంట్లో ఆ పని తమ్ముడిది, మరదలిది. అక్కకి బస్సు పడదు, కారులో వెనక కూర్చున్నా కడుపులో తిప్పుతుంది. అందుకని ముందు సీట్లో, తమ్ముడి పక్కన కూర్చుని వచ్చేది. అక్క కోసమే ఈ బండి కొన్నానని అతను చెప్పేవాడు. నేను పూర్తిగా నమ్మేవాణ్ణి కాదు. పాత బండి కొన్న ప్రతి మగవాడూ ఇంట్లో చెప్పడానికి ఏదో ఒక కారణం దాచుకుంటాడు.

ఒకరోజు షిఫ్టు దిగి సైకిలు మీద ఇంటికి పోతుంటే హైవే మీద లారీ తగిలింది. ప్రాణం దక్కింది. ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు.

నేను, ఉస్తాద్ ఆసుపత్రికి వెళ్లాం, తర్వాత ఇంటికీ వెళ్లాం. మంచం దిగేవాడు కాదు. కంపెనీవాళ్లు స్టోర్సులో కూర్చుని చేసే పని ఇస్తామన్నా పోలేదు. చంకకర్రలు గోడకి ఆనించి ఉండేవి, వాటి మీద దుమ్ము ఉండేది. బండి ఇంటి ముందు వేపచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని ఉండేది. కొన్ని నెలలు గడిచాక ఒక మనిషితో నాకు కబురు పంపాడు. "అన్న బండి అడుగుతుండె గద, వచ్చి తీస్కపొమ్మను."

ఆ కబురు విన్నప్పుడు నాలో రెండు జరిగాయి. తమ్మి గురించి అయ్యో అనుకున్నాను. ఆ వెంటనే ఆ ఎర్ర సీటు కళ్లముందు మెదిలింది. మనిషి అంతే. మీరు పెద్దయ్యాక మీకూ అర్థమవుతుంది.

నేను ఇంకా వెళ్లకముందే అక్క షెడ్డుకి వచ్చింది. బస్సులో వచ్చింది, ముఖం పాలిపోయి ఉంది, దారిలో ఎన్నిసార్లు వాంతి చేసుకుందో. ఉస్తాద్ స్టూలు తుడిచి వేసి మంచినీళ్లు ఇచ్చాడు. ఆమె తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, నేరుగా నా ముఖం చూసింది.

"అన్నా, మా తమ్ముడు నిన్ను బండి కొనుమన్నడా?"

"కబురు పంపిండు చెల్లె."

"కొంటవా?"

నేను చేతిలో పానా పక్కన పెట్టాను.

"కొనకు" అన్నది. "వాడు మంచం దిగుతలేడు. మరదలు పెడితె తింటడు, లేకుంటె లేదు. బండి పోతె ఇగ వాడు కడప దాటెడి పనే లేదు. ఈ ఏడు నాకు ఒడిబియ్యం పొయ్యాలె. డ్రైవర్‌ని పెట్టి తోలిస్త, రా అక్కా అంటడు. నేను రాను అన్న. నువ్వే బండి తోలుకొని రా, నీ పక్కన కూసోని వస్త, లేకుంటె నాకు ఒడిబియ్యమే వద్దన్న."

"గట్లెందుకు అన్నవమ్మా? కాలు లేనోడు ఎట్ల తోలుతడు?"

"గది నాకేం ఎర్క? గదే అడుగుదామని నీ తానకొచ్చిన." గ్లాసు కింద పెట్టి మళ్లీ అన్నది. "మూఢాలు పడేలోపల కావాలె. ఈ ఏడు దాటితె సరి ఏడు. నేను మాట ఎన్కకు తీస్కోను, వాడు మంచం దిగడు. ఇగ మా ఇద్దర్కి పుట్టిల్లు పోయినట్టే."

మాట్లాడినంతసేపూ ఆమె కంట్లో నీళ్లు రాలేదు. లేచి మళ్లీ బస్సు కోసం హైవే మీదికి నడిచిపోయింది. మా ఉస్తాద్ ఆమె వెళ్లినవైపు చూస్తూ బీడీ వెలిగించడం మర్చిపోయాడు.

"సేటూ, బండి కొనుడు ఖతం" అన్నాడు. "ఇగ ఏం జేస్తవో సోంచాయించు."

మర్నాడే భానూరు వెళ్లాను. కొనడానికి రాలేదని, అతను నడిపేలా బండిని మారుస్తానని తమ్మికి చెప్పాను. మంచం మీద పడుకునే నవ్వాడు. వినడానికి బాగాలేని నవ్వు.

"ఏం జేస్తవ్ అన్నా, కాలు మొలిపిస్తవా?"

"బండికి మొలిపిస్త."

"ఏమన్న జేస్కో. తీస్కపో." గోడవైపు తిరిగాడు. నేను టార్పాలిన్ తీసి, బ్యాటరీ మార్చి, బండి స్టార్టు చేసి గేటు దాటిస్తున్నాను. లోపల్నుంచి అతని గొంతు వినబడింది. "అన్నా! సీటు కొయ్యకు!"

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. బండి మీద ఆశ చచ్చినవాడు సీటు గురించి అరవడు.

పని ఏమిటో కొద్దిగా చెప్పాలి, లేకపోతే మీరు ఊరుకోరు. ఎడమ కాలు చేసే పని క్లచ్ తొక్కడం. ఆ పని ఎడమ చేతికి ఇద్దామంటే, ఆ చేయి అప్పటికే గేరు కడ్డీ పట్టుకుని ఉంటుంది. కుడి చేతికి ఇస్తే స్టీరింగు ఎవరు పట్టుకోవాలి? మూడు రకాలుగా కడ్డీలు వంచి చూశాం, మూడూ స్క్రాపులో వేశాం. చివరికి ఉస్తాద్ ఒక పాత వ్యాను బ్రేకు బూస్టరు పట్టుకొచ్చాడు. ఇంజను పీల్చే గాలితో పనిచేసే రేకు డబ్బా అది. ఇంజన్ గాలి లాగితే డబ్బాలోని పొర కదులుతుంది, ఆ పొరకి కట్టిన కడ్డీ క్లచ్ పెడల్‌ని లాగుతుంది. గాలిని వదలడానికి, ఆపడానికి కరెంటుతో పనిచేసే వాల్వు ఒకటి స్క్రాపు దుకాణంలో దొరికింది. దాని మీట గేరు కడ్డీ చివర బిగించాం. బొటనవేలితో నొక్కి గేరు మార్చడం, వేలు తీయడం. అంతే పని.

మొదటిసారి నేను ఎక్కి వేలు తీసేసరికి బండి ఎగిరి గెంతి ఆయిల్ డ్రమ్ముని గుద్దింది. క్లచ్ ఒక్కసారిగా వదలకూడదు, మెల్లగా వదలాలి. దానికోసం గాలి తిరిగి వచ్చే దారిలో చిన్న నల్లా పెట్టి, కొంచెం తిప్పడం, నడిపి చూడడం, మళ్లీ కొంచెం తిప్పడం. ఎన్ని రోజులు అదే పనిలో ఉన్నామో గుర్తులేదు. మిగతా బండ్లవాళ్లు వచ్చి తిట్టిపోయేవారు. ఒకరోజు ఉస్తాద్ తన ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకుని షెడ్డు చుట్టూ మూడు గేర్లలో తిరిగి వచ్చి, దిగి, నాతో చేయి కలిపాడు. ఆయన అలా చేయి కలపడం అంతకుముందు నేను చూడలేదు. తర్వాత నేనూ కాలు మడుచుకుని హైవే దాకా పోయి వచ్చాను. పక్క లేత్ షాపు బిహారీ మిస్త్రీ కూడా కాలు మడుచుకుని నడిపి "బఢియా" అన్నాడు. బాడీకి కొత్త చిల్లు ఒక్కటి కూడా పెట్టలేదు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

తమ్మిని బయటికి తీసుకురావడానికి అతని భార్య, నేను, ఉస్తాద్ ముగ్గురం బతిమాలాం. ఆఖరికి లుంగీ మార్చి ప్యాంటు వేసుకుని వచ్చాడు. ప్యాంటు ఎడమ కాలు మడిచి పిన్ను పెట్టి ఉంది. కొల్లూరు వైపు రోడ్డు అప్పట్లో ఖాళీగా ఉండేది, రెండు పక్కలా జొన్నచేలు. ఇప్పుడక్కడ చూస్తే నేనే దారి తప్పుతాను. అక్కడికి తీసుకుపోయి స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. నేను వెనక కూర్చున్నాను. ఉస్తాద్ రోడ్డు మీద నిలబడ్డాడు.

స్టీరింగుని రెండు చేతులతో ఒకసారి తడిమి, అద్దం సరిచేసుకున్నాడు. తర్వాత మీట నొక్కి, గేరు వేసి, వేలు తీశాడు. బండి కదిలింది. రెండో గేరు పడింది. అద్దంలో అతని కళ్లు చూశాను. చాలా నెలల తర్వాత అందులో మనిషి కనబడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు, మెడ పక్కకి తిప్పుకున్నాను.

ముందు కుడివైపు మలుపు ఉంది. మలుపు తిరగగానే తమ్మి ఎడమవైపుకి జారిపోయాడు. నున్నటి రెక్సిన్ సీటు, పట్టుకునేందుకు ఏమీ లేదు. స్టీరింగు చేతిలోంచి జారింది, కుడికాలు పెడల్ మీద నుంచి లేచింది, బండి రోడ్డు దిగి జొన్నచేలో పదడుగులు పోయి, ఇంజను దడదడ కొట్టుకుని ఆగిపోయింది. దెబ్బలేం తగల్లేదు. అతను సీటు మీద పక్కకి పడి, లేవడానికి కాలు వెతుక్కుంటున్నాడు. లేని కాలు. అది చూడ్డం కన్నా దెబ్బ తగిలి ఉంటే బాగుండేదనిపించింది.

నేను దిగి పట్టుకోబోయాను. "ముట్టకు" అన్నాడు. చంకకర్రలతో కిందికి దిగి చేను గట్టు మీద కూర్చున్నాడు. "ఇగ సాలు అన్నా. నవ్వులపాలు చేసింది సాలు. బండి నీకే ఇస్తున్న, అక్కకు నేను చెప్పుకుంట."

ఉస్తాద్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. బండి లోపల చూశాడు, సీటు చూశాడు, తమ్మిని చూశాడు. నావైపు తిరిగి "సేటూ, ఎక్కి కూసో" అన్నాడు. కూర్చున్నాను. "ఎడమ కాలు మడవకు. పైకి లేపు. గాల్ల వెట్టు." లేపాను. ఆయన నన్ను భుజం మీద మెల్లగా ఒక్క తోపు తోశాడు. నేను జర్రున జారి అవతలి తలుపుకి గుద్దుకున్నాను.

అప్పుడు అర్థమైంది. మేం ముగ్గురం కాలు మడుచుకునే నడిపాం. మడిచిన ఆ కాలే, ఆ తొడే, ఆ మోకాలే సీటుకి ఆనుకుని మమ్మల్ని పడిపోకుండా పట్టుకుంది. ఎడమ కాలంటే క్లచ్ తొక్కేదని మాత్రమే మాకు తెలుసు. జీవితమంతా బండ్ల కింద పడుకున్నవాళ్లం, బండికి ఏది ఎక్కడ ఆనుతుందో కళ్లు మూసుకుని చెబుతాం. మనిషికి ఏది ఆనుతుందో ఒక్కరమూ చూడలేదు.

ఉస్తాద్ గట్టు మీద తమ్మి పక్కనే కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. "నువ్వు కాదు బేటా పడ్డది, మేం పడ్డం. ముగ్గురు గాడిదలం. మూడు మంచి కాళ్లు వెట్టుకొని టెస్టింగ్ జేసినం." తమ్మి ముందు కోపంగా చూశాడు. ఉస్తాద్ తన కాలు మడిచి, లేపి, మళ్లీ మడిచి మా ఘనకార్యం ఎలా జరిగిందో చేసి చూపించాడు. అప్పుడు తమ్మి పెదవి కొంచెం వంకర తిరిగింది. అది నవ్వేనని నేను గట్టిగా నమ్మాను.

దారి సులువుగానే కనబడింది. బల్ల సీటు తీసి, పక్కల్లో పట్టి ఉంచే విడి సీటు వేస్తే సరిపోతుంది. నేను ఆ మాట అన్నాను. తమ్మి తల అడ్డంగా ఊపాడు.

"సీటు కోస్తె మా అక్క ఏడ కూసుంటది? నా పక్కకు కూసోకపోతె ఆమె రాదు. అగో, గా సీటుంటెనే నేను తోలుత."

ఇందాక బండి ఇచ్చేస్తానన్న మనిషి ఇప్పుడు బేరం ఆడుతున్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఒప్పుకోనట్టు ముఖం పెట్టి ఇంకాసేపు వాదించాను.

మెత్త పెట్టిన ఇనుప పలక ఒకటి తయారుచేద్దామని ఉస్తాద్ అన్నాడు. ఎడమ తొడ పక్కన నిలబడాలి, నడుం దాకా రావాలి, అక్కర్లేనప్పుడు ఊడదీయాలి. పలక వంచాడు, మెత్త చుట్టాడు, అదే ఎరుపు రెక్సిన్ కోసం సంగారెడ్డి అంతా తిరిగాడు. కానీ అంత బరువు ఆపాలంటే దాన్ని ఫ్లోరుకే బిగించాలి. ఉన్న చిల్లులేవీ సరిపోవు. నేను చాలాసేపు ఆ ఫ్లోరు మీద చేత్తో తడుముతూ కూర్చున్నాను. ఉస్తాద్ డ్రిల్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నేను కొట్ట. నువ్వే కొట్టు సేటూ."

నాలుగు చిల్లులు కొట్టాను. మొదటిది కొట్టేటప్పుడు కళ్లు మూసుకున్నానని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. మూసుకున్నమాట నిజమే.

కొల్లూరు రోడ్డు మీద మళ్లీ నేర్చుకున్నాడు. మలుపులో పలక పట్టుకుంది. తర్వాత కాగితాల పని, ఆర్టీవో ఆఫీసులో బండి చూపించడం, వాళ్ల ముందు నడపడం, అన్నీ పద్ధతిగానే అయ్యాయి. ఆ కథ పొడుగు, విసుగు పుట్టిస్తుంది. మూఢాలకి వారం ముందు, ఒక బుధవారం, అక్కని తేవడానికి బయల్దేరాడు. తోడు వస్తానని అతని భార్య అన్నది. నేనూ అన్నాను. ఒక్కణ్ణే పోతానని ఇద్దరినీ ఆపేశాడు.

ఆపితే ఆగుతామా? నేను, ఉస్తాద్ నా పాత బండిలో వెనకాల బయల్దేరాం, మధ్యలో రెండు లారీలు ఉండేలా చూసుకుంటూ. ముందు అతను గేరు మార్చాల్సి వచ్చిన ప్రతి చోటా ఇక్కడ నా ఎడమ కాలు అక్కర్లేకుండా బిగుసుకునేది. సంగారెడ్డి చౌరస్తా దగ్గర బస్సులు, ఎడ్లబండ్లు అడ్డం పడి అంతా ఆగిపోయింది. అతని బండి సరిగ్గా ఎత్తు మీద ఆగింది. వెనక లారీవాడు హారన్ మీద చేయి తీయడం లేదు. ఉస్తాద్ దువా చదువుతున్నాడు. దారి తెరుచుకుంది. మీగడ రంగు బండి ఒక్క కుదుపు కూడా లేకుండా మెల్లగా కదిలి ముందుకి పోయింది. ఉస్తాద్ నా తొడ మీద ఫట్‌మని కొట్టాడు, ఇప్పటికీ ఆ చోట చురుక్కుమంటుంది.

అక్క వాకిట్లోనే నిలబడి ఉంది. పొద్దుట్నుంచీ నిలబడి ఉందని తర్వాత ఆమె భర్త చెప్పాడు. బండి ఆగింది. తమ్మి చంకకర్రలు బయటపెట్టి, వాటి మీద లేచి నిలబడ్డాడు. ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది, మడిచి పిన్ను పెట్టిన ప్యాంటుని చూసింది.

"ఎంతసేపు తమ్మీ, అన్నం సల్లారె" అన్నది.

అంతే అన్నది. అని, అతని తల దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. మేం చెట్టు చాటున బండి ఆపుకుని ఉన్నాం. తమ్మి అక్క భుజం మీద నుంచి మావైపు చూసి "అక్కా, ఇంకో ఇద్దరు దొంగలున్నరు, వాళ్లకు గూడ అన్నం వెట్టు" అన్నాడు.

భానూరులో ఒడిబియ్యం పోయడం నేను అన్నగా దగ్గరుండి చూశాను. కొత్త చీర కట్టుకుని ఆమె పీట మీద కూర్చుంది. మరదలు బియ్యం పోస్తుంటే తమ్మి కుర్చీలో కూర్చుని చేయి కలిపాడు. ఒడి నిండింది, నడుముకి కట్టారు. దేవుని గది దగ్గర పిడికిళ్లతో బియ్యం వదిలి, బరువుగా నడుచుకుంటూ బండి దగ్గరికి వచ్చింది. భర్త మాట తక్కువ మనిషి, వెనక సీట్లో అప్పటికే సర్దుకున్నాడు. ఆమె ముందు తలుపు తీసి ఎర్ర పలకని చూసింది.

"గిదేంది నడుమ గోడ?"

"నేను పడకుంట అక్కా. ఉస్తాద్ జేసిండు."

"వచ్చెటప్పుడు గూడ జూసిన, ఆగం ఆగం ఉంటివని ఊకున్న. తియ్యి. నేనుండంగ నువ్వెట్ల పడ్తవ్?"

మేం వద్దన్నాం. నేను గట్టిగానే వద్దన్నాను. ఆమె ఉస్తాద్ వైపు చూసింది. ఆయన మారుమాట లేకుండా బోల్టులు విప్పి పలక తీసేశాడు. ఆమె ఎక్కి, సీటు మీద జరిగి జరిగి తమ్ముడికి ఆనుకుని కూర్చుంది. బియ్యం నిండిన ఒడి అతని ఎడమ కాలు ఉండాల్సిన చోట బరువుగా ఆనింది. అతను అటూ ఇటూ కదిలి చూశాడు. కదల్లేదు.

అప్పుడు ఆమె ఒడిలోంచి ఒక పిడికెడు పసుపు బియ్యం తీసి, డాష్‌బోర్డు కింద సామాన్లు పెట్టుకునే అరలో పోసింది.

"పుట్టింట్ల ఇడిసిపోవాలె గద. ఇంట్ల ఇడిసిన. గీ బండిల గూడ ఇడుస్తున్న."

బండి మెల్లగా కదిలి ఊరి మలుపు తిరిగింది. ఈసారి వెనకాల పోవాలని మాకు అనిపించలేదు.

ఆ తర్వాత ఆమెకి ఒడిబియ్యం పోసిన ప్రతిసారీ పలక ఊడేది, అరలో పిడికెడు పడేది. తమ్మి స్టోర్సు పనిలో చేరాడు, బండి నడుపుకుంటూ పోయేవాడు, కంపెనీ గేటు దగ్గర అందరూ చూడాలని కొంచెం నెమ్మదిగా పోయేవాడు. చాలా ఏళ్లు అలా గడిచాయి. ఉస్తాద్ పోయాడు. తర్వాత కొన్నాళ్లకి అక్క కూడా పోయింది, జ్వరం వచ్చి, అనుకోకుండా. నెల దాటాక తమ్మి తానే బండి నడుపుకుంటూ మా ఇంటికి వచ్చి తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

"సచ్చినంక తీసుకో అన్న గద అన్నా. ఎవలు సస్తరో అనలే. ఇగ ఎవల్ని తెచ్చేది ఉంది?"

నేను వద్దనలేదు. వద్దంటే అతనికి ఇంకా బాధ. ఆటో ఎక్కించి పంపాను.

కిందటేడు ఆ ఎర్ర సీటు కుట్టు ఒక మూల ఊడితే, నా చేత్తోనే సరిచేద్దామని బయటికి తీశాను. స్ప్రింగుల మధ్య, రెక్సిన్ మడతల్లో, అర కింది మూలల్లో పసుపు రంగు బియ్యపు గింజలు. కొన్ని తెల్లబడ్డాయి. ఎలుకలు ఎందుకు ముట్టలేదో నాకు తెలియదు. చీపురు పక్కన పెట్టాను. ఒక్కొక్కటే ఏరాను. అన్నీ కలిపితే పిడికెడైనా కాలేదు. సీటు మళ్లీ బిగించి, ఆ గింజల్ని ఆమె పోసిన అరలోనే పోశాను.

ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను. ఎక్కి కూర్చోండి, కావాలంటే నడపండి. అర మాత్రం తుడవకండి.